‘ఒత్తు’ అన్నది ఎవరు?

పోయిన వారం మనం రెండో తరగతి టీచరు రాగిణిని హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. చేతిలో ట్యాబు ఉంది. ట్యాబు తెర మీద ఎర్ర అక్షరాల్లో రెండో తరగతి అనిత పేరు ఉంది. పక్కన ఆ పిల్ల తల్లి రామమ్మ నిలబడి ఉంది. కబురు అందగానే నారాయణగూడలో కడుతున్న అపార్టుమెంటు దగ్గర తట్ట దించేసి పరుగెత్తుకొచ్చిన మనిషి, చీర అంచుకి ఇంకా సిమెంటు తడి ఆరలేదు. ట్యాబు పరీక్షలో వెనకబడ్డ పిల్లల జాబితా సాయంత్రం నాలుగింటికి మూసుకుంటుంది. మూసుకుందంటే రేపటి నుంచి అనిత చిక్కడపల్లిలోని ఈ చిన్న సర్కారు బడికి రాకూడదు. బషీర్‌బాగ్ అవతల ట్రస్టువాళ్ళు నడిపే ప్రత్యేక కేంద్రానికి పోవాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ పొద్దున ఏడింటికే పనికి పోయే ఇంట్లో అంత దూరం ఆ పిల్లను తీసుకెళ్ళేదెవరు, తీసుకొచ్చేదెవరు? అనిత ఏ కేంద్రానికీ పోదు, అమ్మ వెంట ఇసుక కుప్పల దగ్గరికి పోతుంది. ఈ సంగతి రాగిణికి తెలుసు. తెలియనట్టు కూర్చున్నది ఎవరయ్యా అంటే, జాబితాకు చివరి ఆమోదం ఇవ్వడానికి ట్రస్టు తరఫున వచ్చిన భాషా సలహాదారు కమలాకుమారి గారు. రాగిణికి స్వయానా అత్తగారు.

గడియారం మూడు గంటల పది నిమిషాలు చూపిస్తోంది.

“మేడమ్, నాకు పది నిమిషాలు ఇవ్వండి. ఆ పిల్లతో ఒకసారి మాట్లాడి వస్తాను,” అంది రాగిణి. ఇంట్లో అత్తయ్యా అని పిలిచే నోటికి బడిలో మేడమ్ అనడం కొంచెం కష్టంగానే ఉంటుంది.

కమలాకుమారి గారు తలెత్తలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తెలుగు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ట్యాబు నేర్చుకుంది. వేళ్ళు ఎండిపోయి తెరకు అందకపోతే రబ్బరు మొన ఉన్న ఒక పెన్ను కొనుక్కుంది. ఇప్పుడు ఆ పెన్నుతోనే తెరను టకటకా పొడుస్తోంది.

“మాట్లాడితే మార్కులు మారతాయా అమ్మా?” అంది. “సరే, వెళ్ళిరా. నాలుగు దాటితే మాత్రం నేను మూయక్కర్లేదు, అదే మూసుకుంటుంది.”

హెడ్మాస్టరు బాలకిషన్ గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. మంచి మనిషే, కానీ సంతకం అంటే చలిజ్వరం. “పోయి రండమ్మా, జల్దీ రండి. నాకైతే పొద్దుటి సంది పరేషానే,” అన్నారు.

రెండో తరగతి గది వరండా చివర ఉంది. గోడకు ఈ జూన్‌లో ట్రస్టువాళ్ళు బిగించిన పెద్ద తెర ఒకటి. దుమ్ము పడుతుందని బాలకిషన్ గారు ఇంట్లో పాత చీరతో దానికి గలేబు కుట్టించారు. ఆ గలేబు తీయాలంటే ఇద్దరు కావాలి. ఇద్దరూ కలిసి తీసేసరికి కరెంటు పోతుంది. అందుకని రాగిణి మామూలుగా వాడేది సోడాసీసా మూతలు. ఒక్కో మూత లోపల ఒక్కో అక్షరం రాసి అంటించింది. దసరా సెలవుల తర్వాత బడిలో చేరిన అనిత ఆ మూతలతోనే నెల తిరక్కుండా అక్షరాలన్నీ పట్టేసింది. తన పేరు, తల్లి పేరు, తండ్రి ఈరన్న పేరు రాగిణి రాసిచ్చినట్టే మూతలతో పేర్చి, బండల మీద వదిలేసి పోయేది. అలాంటి పిల్ల పేరు పక్కన యంత్రం ‘ఆలోచించకుండా తాకుతోంది, శ్రద్ధ లోపం’ అని రాసింది. 

అనిత మూల బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. తక్కిన పిల్లలు ఆటలకు పోయారు.

“మొన్న ట్యాబులో ఆడిన ఆట మళ్ళీ ఒకసారి ఆడదామా అనితా?”

ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. “వద్దు టీచర్. అది తిడ్తది.”

“తిట్టదమ్మా. ఎర్ర గుర్తు వేస్తుంది, అంతే.”

“గదే తిట్టుడు.”

రాగిణికి నవ్వు రాలేదు. బల్ల మీద పక్కనే కూర్చుని, అభ్యాసం కోసం ఉంచిన పరీక్ష తెరిచింది. మొదటి రెండు భాగాలూ అనిత బాగానే చేసింది. మూడో భాగంలోనే పదికి రెండు. అదే తీసింది. తెర మీద మూడు మాటలు వచ్చాయి. మేక, కప్ప, గాడిద. వెంటనే ట్యాబులోంచి గొంతు వినిపించింది, ప్రతి అక్షరం కడిగి ఆరేసినట్టు స్పష్టంగా: “ఒత్తు... ఉన్న పదం ఏది?”

మొదటి మాట పూర్తయిందో లేదో అనిత వేలు ‘మేక’ మీద పడింది. ఎర్ర గుర్తు. తక్కిన ప్రశ్న ఎర్ర గుర్తు వెనకాల వినిపించి ఆగిపోయింది.

రెండో ప్రశ్న. ఆకు, కాయ, పువ్వు. “ఒత్తు...” అనగానే వేలు ‘ఆకు’ మీద. మళ్ళీ ఎర్ర గుర్తు.

“ఎందుకమ్మా అంత తొందర? ప్రశ్న పూర్తిగా వినాలి కదా!” రాగిణి గొంతులో విసుగు దొర్లింది. దొర్లినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అనిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఏడవలేదు, రోషం వచ్చింది. “నేనేడ తొందర జేసిన టీచర్? నువ్వు చెప్పినంకనే చేసిన.”

“నేనేం చెప్పాను?”

“ఒత్తు అన్నవ్ గద. ఒత్తిన.”

రాగిణి ట్యాబు వైపు, ఆ పిల్ల వైపు చూసింది.

“అండ్ల ఉన్నది నువ్వే గద టీచర్,” అంది అనిత, ట్యాబును చూపిస్తూ. “నీ గొంతు నాకు ఎర్క లేదా? నువ్వే ఒత్తు అంటవ్, ఒత్తినంక నువ్వే తప్పు అంటవ్.”

 నిజమే, ఆ గొంతు రాగిణిదే. రెండేళ్ళ కిందటి వేసవిలో నారాయణగూడలోని ఓ చిన్న స్టూడియోలో కూర్చుని ఈ ప్రశ్నలన్నీ చదివింది తనే. ‘అక్క’లో క కింద ఇంకో క చేరితే దాన్ని ఒత్తు అంటాం అని బడికి వెళ్ళిన వాళ్ళందరికీ తెలుసు. కానీ ఈ పిల్ల బడికొచ్చింది దసరా తర్వాత. ఒత్తుల పాఠం ఆగస్టులోనే అయిపోయింది. బడికి రాక ముందు ఈ పిల్లకు తెలిసిన ఒత్తు వేరే ఉంది. రామమ్మ ఇంట్లో స్విచ్చి ఒత్తుతారు, లిఫ్టు బటన్ ఒత్తుతారు, సెల్‌ఫోను ఒత్తుతారు. రాగిణి ఇంట్లో మాత్రం నొక్కుతారు. అశోక్‌నగర్‌లో మూడు తరాలుగా కాపురం ఉండి, కాలింగ్ బెల్ దగ్గర నుంచి రిమోటు దాకా అన్నిటినీ నొక్కుతూనే ఉన్న కుటుంబం వాళ్ళది. అందుకే ప్రశ్న రాసిన అత్తయ్యకూ తట్టలేదు, చదివిన తనకూ తట్టలేదు.

ఆ ఆపు ఒకటి. ‘ఒత్తు’ తర్వాత ఆ చిన్న ఆపు. ప్రశ్న చదివేటప్పుడు స్టూడియోలో అద్దం అవతల నుంచి అత్తయ్య చెయ్యెత్తి చెప్పింది: “ఆ మాట విడిగా, నొక్కి పలుకు రాగిణీ. పిల్లల చెవిన పడాలి.” పడింది. మహా బాగా పడింది.

“అనితా, దా నాతో,” అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది.

మూడు ఇరవై నాలుగు.

హెడ్మాస్టరు గదిలో రామమ్మ కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కూతుర్ని చూడగానే దగ్గరికి లాక్కుంది. రాగిణి ఊపిరి కూడా పీల్చుకోకుండా జరిగింది చెప్పింది. చెప్పడం అయిపోయేసరికి బాలకిషన్ గారి ముఖంలో ఏదో వెలుగు వచ్చింది.

“అరె, నిజమే గదమ్మా! మా ఇంట్ల గూడ ఒత్తుడే అంటం. నేను హెడ్మాస్టరునై పదేండ్లాయె, నాకు తట్టలె!”

కమలాకుమారి గారు కళ్ళద్దాలు పైకి తోసుకుంది. “బాలకిషన్ గారూ, అది వ్యాకరణంలో ఉన్న మాట. నేను ఇంట్లోంచి తెచ్చింది కాదు. రెండో తరగతి పిల్లకు ఒత్తు అంటే ఏమిటో తెలియాలా వద్దా?”

“తెలియాలి మేడమ్. కానీ ఈ పిల్ల చేరిందే దసరా తర్వాత.”

“అలాగైతే చెప్పి ఉండాల్సింది. నెలన్నర అయింది కదా.”

“మూతలతో గుణింతాలు పూర్తిచేసి వచ్చే వారం మొదలుపెడదామనుకున్నాను. పరీక్ష ముందే వచ్చేసింది.”

“అదిగో, నువ్వే ఒప్పుకుంటున్నావు.”

రాగిణి పెదవి కొరుక్కుంది. అత్తగారితో వాదన అంటే ఇదే తంటా. మాట తూకం వేసి పట్టుకుంటుంది, తిరిగి మన నెత్తినే పెడుతుంది. ఇంట్లో అయితే ‘సరేలెండి అత్తయ్యా’ అని వంటింట్లోకి పోవచ్చు. ఇక్కడ గోడకు ఆనుకుని ఒక తల్లి చూస్తోంది.

“ఒక్కసారి మీరే చూడండి. శబ్దం తీసేస్తాను. ప్రశ్న నేను నోటితో అడుగుతాను.”

“నోటితో అడిగింది లెక్కలోకి రాదు.”

“లెక్కలోకి వద్దు. మీరు చూడండి, చాలు.”

కమలాకుమారి గారు గడియారం వైపు చూసి, చెయ్యి కొద్దిగా ఊపింది. అది అవుననో కాదనో తేల్చుకునే లోపలే రాగిణి ట్యాబు బల్ల మీద పెట్టి శబ్దం ఆపేసింది. అనిత తల్లి కొంగు వదల్లేదు. ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో ట్యాబు.

“అనితా, ఈ మూడు మాటల్లో ఒకదానికి కింద ఇంకో చిన్న అక్షరం అంటుకుని ఉంది. ఏ మాటకో చూసి, దాన్ని ఒత్తు. నిమ్మళంగా చూడు, తొందరేం లేదు.”

 బయట ఏదో ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. అనిత తెర మీదికి ముక్కు తగిలేలా వంగింది. మేక, కప్ప, గాడిద. వేలు గాల్లో మేక దాటింది, కప్ప దగ్గర ఆగింది. ఒత్తింది. పచ్చ గుర్తు.

“అయ్యో, పచ్చది!” అంది రామమ్మ, ఎవరో తిడతారన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

పువ్వు, పచ్చ. బల్ల, పచ్చ. అన్నం, పచ్చ. ఏడో ప్రశ్న దాకా ఒక్క తప్పు లేదు. ఎనిమిదో దాంట్లో ‘కృప’, ‘గడప’, ‘గుడ్డు’ వచ్చాయి. అనిత చాలాసేపు చూసింది. కృప మీదికి పోయింది, గుడ్డు మీదికి వచ్చింది, మళ్ళీ కృప మీదికి పోయి ఒత్తేసింది. ఎర్ర గుర్తు. ఆ పిల్ల తల వెంటనే తల్లి నడుములో దూరింది.

రాగిణికి ఉసూరుమంది. కానీ విచిత్రంగా కమలాకుమారి గారు ముందుకు వంగింది.

“ఎందుకమ్మా దాన్ని ఎంచుకున్నావు?” అంది. ఆ గొంతులో సలహాదారు లేదు, పాత లెక్చరరు ఉంది.

అనిత కొంగులోంచి ఒక కన్ను బయటపెట్టింది. “దానికి గూడ కింద తోక ఉంది గద.”

“వట్రుసుడి,” అంది కమలాకుమారి గారు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. “వట్రుసుడిని చూసింది. చూడకుండా తాకే పిల్ల ఇలాంటి తప్పు చెయ్యదు.”

“అదే కదా అత్తయ్యా నేను మొత్తుకుంటున్నది!” అనేసింది రాగిణి. అన్నాక నాలుక కరుచుకుంది.

మిగతా రెండూ పచ్చవే. పదికి తొమ్మిది.

బాలకిషన్ గారు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నారు. “అయితే అయిపాయె మేడమ్. పేరు తీసేయుండ్రి. నేను సంతకం పెడ్త.” ఆయన నోట ఆ మాట రావడం ఆ బడి చరిత్రలో అదే మొదటిసారి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ మంచి మనసున్నవాళ్ళకు ఒక్కోసారి అవసరం లేని అనుమానం పుడుతుంది. “మేడమ్, ఇదే తప్పు ఇంకెంతమంది పిల్లలకు వచ్చింది? తక్కిన బడుల్ల?” అని అడిగారు.

కమలాకుమారి గారి పెన్ను ఆగింది. ఆవిడ తన సొంత ట్యాబు తీసి, రెండు మూడు చోట్ల పొడిచింది. పదకొండు బడుల పిల్లల పేర్లు తెర మీద జారాయి. మూడో భాగంలో, సెకను లోపలే తెర తాకి, ‘ఆలోచించకుండా తాకుతోంది’ అని ముద్ర వేయించుకున్న పిల్లల్ని మాత్రం వేరు చేసింది. పేర్లు తగ్గి తగ్గి ఒక్క తెరలో పట్టేశాయి.

“పందొమ్మిది,” అంది. 

“అంటే అనిత కాక పద్దెనిమిది మంది!” రాగిణి బల్ల అంచు పట్టుకుంది. “వాళ్ళందరికీ నా గొంతే ఒత్తు అని చెప్పింది. మేడమ్, పరీక్షే తప్పు. జాబితా మొత్తం ఆపాలి.”

మూడు నలభై ఒకటి.

కమలాకుమారి గారు మినహాయింపు కాగితం తెరిచింది. కాగితం అంటే కాగితం కాదు, అదీ తెరే. దాని మీద మూడు గడులు. పిల్లకు ఆ రోజు ఒంట్లో బాగాలేదు అని ఒకటి. బోధనా లోపం అని రెండోది. సాధన లోపం, అంటే పరీక్షలోనే తప్పుంది అని మూడోది.

“జరం అని పెడుదాం మేడమ్,” అన్నారు బాలకిషన్ గారు ఆశగా. “ఎవరికీ నష్టం లేదు.”

“డాక్టరు చీటీ ఫొటో ఎక్కించమంటుంది. ఉందా?”

ఆయన మళ్ళీ కుర్చీలో కూరుకుపోయారు.

“మూడోది పెట్టండి,” అంది రాగిణి.

“మూడోది పెడితే ఏమవుతుందో తెలుసా నీకు?” కమలాకుమారి గారి గొంతు పెరగలేదు, తగ్గింది. ఆవిడకు నిజంగా కోపం వస్తే అంతే. “ఒక్క పేరు దగ్గర మూడోది పెడితే పదకొండు బడుల ఫలితాలూ ఆగిపోతాయి. వచ్చే వారం ఈ పరీక్ష జిల్లా అంతటికీ వెళ్ళాలి. మూడేళ్ళు పోరాడాను రాగిణీ. ట్రస్టు సమావేశాల్లో ఎవరున్నారనుకున్నావు? ఇంగ్లీషులో తయారైన పాఠాన్ని యంత్రం చేత తెలుగు చేయించి, పిల్లల ముఖాన కొడదామన్నవాళ్ళు. ‘యాపిల్ ఎరుపు ఉంది’ అని రాసుకొచ్చారు ఒకరోజు. కాదు, తెలుగువాళ్ళు తెలుగులో రాసిందే పెట్టాలి అని మొండికేశాను. ఇవాళ అందులో తప్పుందని నా చేత్తోనే రాస్తే, రేపు పొద్దున వాళ్ళు చేసే మొదటి పని దీన్ని మొత్తం తీసి పారెయ్యడం. అప్పుడు నీ అనితకు ‘యాపిల్ ఎరుపు ఉంది’ వస్తుంది. అది కావాలా?”

 అత్తగారు అబద్ధం చెప్పడం లేదని రాగిణికి తెలుసు. ఆ మూడేళ్ళూ భోజనాల దగ్గర ఆ గొడవలన్నీ విన్నది తనే. రాత్రిళ్ళు పడక్కుర్చీలో పెన్నుతో తెర పొడుచుకుంటూ కూర్చున్న మనిషికి కాఫీ ఇచ్చింది తనే.

“మాట ఒకటి మారిస్తే సరిపోతుంది కదా,” అంది చివరికి. “అందుకోసం పరీక్ష మొత్తం పారేస్తారా?”

“పారెయ్యాలనుకునే వాళ్ళకు ఒక్క మాట చాలు.”

ఆ తర్వాత కమలాకుమారి గారు పెన్ను ఎత్తి, రెండో గడి మీద పొడిచింది. బోధనా లోపం. తెర మారింది. అనిత పేరు, దాని కింద రెండు వాక్యాలు, వాటి కింద నీలం రంగు గడి. ట్యాబు కోడలి వైపు తిప్పింది.

‘పరీక్ష సరిగానే ఉంది. పాఠం చెప్పడంలో లోపం నాది. – తరగతి ఉపాధ్యాయురాలు.’

‘అంగీకరిస్తున్నాను.’

“నొక్కు,” అంది. “పిల్ల పేరు ఈ క్షణమే పోతుంది. ఇదే బడి, ఇదే తరగతి, నువ్వే టీచరు. నువ్వు పొద్దుటి నుంచి అడుగుతున్నది అదే కదా?”

“మేడమ్, ఆమె కాంట్రాక్టు టీచరు,” అన్నారు బాలకిషన్ గారు నెమ్మదిగా. “రికార్డుల ఇట్ల పడితే జూన్‌ల మళ్ళ తీస్కోరు.”

“తెలుసు. నేను మాట్లాడతాను.”

రాగిణి వేలు చాచింది. నిజం చెప్పాలంటే ఉద్యోగం సంగతి ఆ క్షణాన ఆవిడకు పెద్దగా తోచలేదు. అనిత ఇంకా తల్లి కొంగు పట్టుకునే నిలబడి ఉంది, ఆ పిల్ల కోసం ఆ మాత్రం నింద మోయగలదు. ఆవిడను ఆపింది మొదటి వాక్యం. పరీక్ష సరిగానే ఉంది. ఎవరంటున్నారు ఈ మాట? ఆ పరీక్షలో గొంతు ఎవరిదో ఆవిడే. గొంతు ఇచ్చిన మనిషే సరిగ్గా ఉందని రాసిచ్చాక, ఇక ఆ పద్దెనిమిది మంది పిల్లల మాట ఎవరు వింటారు? వాళ్ళ పేర్లు ఎర్రగానే ఉండిపోతాయి. నొక్కితే అనిత మిగులుతుంది, వాళ్ళు పోతారు. నొక్కకపోతే వాళ్ళు ఎలాగూ పోతారు, అనిత కూడా పోతుంది. నొక్కడమే తెలివి. ఎవరినడిగినా అదే చెబుతారు. అయినా వేలు ముందుకు పోవడం లేదు.

మూడు యాభై నాలుగు.

“ఏమైంది టీచరమ్మా?” అంది రామమ్మ. “అంత మంచిగనే అయిందంటిరి గద. మల్ల ఏందో సోంచాయిస్తున్నరు.”

రాగిణి ఆవిడ వైపు తిరిగింది. అనిత ఆవిడ బిడ్డ. ఆవిడకు తెలియకుండా ఈ గదిలో ముగ్గురు కూర్చుని తేల్చడం ఏమిటి? కమలాకుమారి గారు వారిస్తున్నట్టు చెయ్యెత్తినా ఆగకుండా, దాచకుండా చెప్పింది. తప్పు యంత్రంలో ఉందని, ఆ యంత్రంలో గొంతు తనదేనని, తను ఒత్తితే అనిత మిగులుతుందని, ఇదే తప్పుకు ఇంకా పద్దెనిమిది మంది పిల్లల పేర్లు పోతున్నాయని.

రామమ్మ విన్నది. కూతురి నెత్తి మీద చెయ్యి వేసింది. ముందు ఆవిడ ముఖంలో కనిపించింది సంతోషమే. మన బిడ్డ గట్టెక్కింది అన్న సంతోషం. ఏ తల్లికైనా అంతే. ఆ తర్వాతే మెల్లగా అది మారింది.

“ఆ పద్దెనిమిది మంది తల్లులకు ఎర్కనా ఈ ముచ్చట?” అని అడిగింది.

బాలకిషన్ గారు కమలాకుమారి గారి వైపు చూశారు.

“నన్నంటే మీరు ఫోన్ జేసి పిలిచిండ్రు. వాళ్ళను పిలిచేటోళ్ళు ఉండ్రా?”

“రామమ్మా, అది ఆయా బడుల వాళ్ళు చూసుకుంటారు,” అంది కమలాకుమారి గారు. మాట మర్యాదగానే ఉంది. కానీ ఆవిడ చూపు ఎదుటి మనిషి ముఖం మీద నిలవలేదు.

“ఎవల పేర్లున్నయో జర చదువుండ్రి టీచరమ్మా. మా పాలమూరోళ్ళు అన్ని బస్తీల్ల ఉన్నరు. ఎవలన్న ఎర్కున్నోళ్ళుంటే నేనన్న చెప్త.”

అత్తగారి ట్యాబు బల్ల మీద ఉంది. రాగిణి అడగలేదు, తీసుకుంది. చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరు, ఒక్కో తరగతి, బిడ్డ తండ్రి పేరు. మొదటి మూడు పేర్లకూ రామమ్మ తల అడ్డంగా ఊపింది. నాలుగోది వచ్చింది.

“హారతి. రెండో తరగతి. తండ్రి బీరయ్య.”

రామమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. “ఏ బీరయ్య? గాంధీనగర్ దిక్కు ఉంటడు, సెంట్రింగు పనిజేస్తడు, గాయననా?”

“గాంధీనగర్ బడి అనే ఉంది.”

“ఆ పొల్లను మొన్న ఐతారం నాడే ఊరికి తోలిండ్రు!” రామమ్మ గొంతు పెద్దదయింది. “వాళ్ళ నాయినమ్మ దగ్గరికి. దీనికి చదువు రాదు, మతి సక్కగ లేదని బడోళ్ళు చెప్పిండ్రంట. ఇంకేం బడి, మ్యాకలు కాస్తదని తోలిండ్రు. వాళ్ళమ్మ రెండు దినాలు అన్నం తినలె. మతి సక్కగ లేకపోవుడేంది? ఆ పొల్ల మా అనిత కన్న హుషారు!”

“అబద్ధం,” అంది కమలాకుమారి గారు. “జాబితా ఇంకా మూయలేదు. మూసే దాకా పిల్లకు చదువు రాదని ఏ తల్లిదండ్రులకూ తేల్చి చెప్పకూడదు. అది నియమం.”

“నియమం సంగతి నాకెర్క లేదమ్మా. పొల్లయితే పోయింది.”

బాలకిషన్ గారు లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో ఆయనకే తెలియదు. కమలాకుమారి గారు కళ్ళద్దాలు తీసేసింది. అవి లేకపోతే ఆవిడ ముఖం ఒక్కసారిగా ముసలిదైపోతుంది. ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు తప్ప రాగిణి ఆ ముఖం చూడలేదు. గడియారం ముల్లు యాభై ఎనిమిది దాటింది.

“ఆ పిల్ల మూడో భాగం నాకు చూపించు,” అంది కమలాకుమారి గారు. కానీ చూపించే దాకా ఆగలేదు, చెయ్యి చాచింది. “ట్యాబు ఇలా ఇవ్వు.”

ఇప్పుడు ఆ చేతికిస్తే ఆవిడ ఏ గడి మీద పొడుస్తుంది? మూడో గడి పొడిచి తన మూడేళ్ళ శ్రమకు సున్నా చుడుతుందా, లేక పేర్లన్నీ మూసేసి లేచిపోతుందా? అత్తగారి ముఖం చూసి ఏదైనా చెప్పగలిగే రాగిణికి ఈసారి ఏమీ అంతుపట్టలేదు. ట్యాబును రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడింది.

ముల్లు యాభై తొమ్మిది మీదికి వచ్చింది. కమలాకుమారి గారి చెయ్యి ఇంకా చాచే ఉంది.